దీపము కొండెక్కిన వేళ

ప్రమిదలో వెలుగు ఆరిపోయినప్పుడు మన పెద్దలు "దీపము ఆరినది" అనెడివారు కారు. "దీపము కొండెక్కినది" అనెడివారు. ఆరినదనుట అమంగళమని వారి భావము. వెలుగు నశింపలేదు, ఎత్తైన చోటికి వెళ్ళినది, రేపు సంధ్యవేళకు మరల దిగివచ్చునను నమ్మకము ఆ మాటలో నున్నది. ఆ పెద్దల మనుమలమైన మనము "కరెంటు పోయినది" అనుచున్నాము. మొదటి మాటలో మర్యాద కలదు. రెండవ మాటలో ఫిర్యాదు కలదు. వత్తి చేసి, నూనె పోసి, గాలికి చేయి అడ్డుపెట్టి కాపాడిన వెలుగు గనుక దాని విలువ వారికి తెలిసినది. మీట నొక్కగనే వచ్చు వెలుగు మనది. దాని వెనుక నెవరి చెమట యున్నదో మనకు కానరాదు.

ఉరుములు మెరుపులతో గాలివాన కురియుచుండగా, వీధిలోని దీపములన్నియు ఒక్కమారుగా ఆరిన సాయంకాలమున, ఇంట కూర్చున్న గృహస్థు చేయవలసినదేమి? గంటసేపటి చీకటికి ధర్మవిచార మెందుకని కొందరు నవ్వవచ్చును. కాని పెద్ద కష్టములలో మనుష్యుడు నలుగురి కనులయెదుట నుండును గనుక కొంత జాగ్రత్తగనే నడచుకొనును. ఎవరును చూడని చిన్న చీకటిలోనే అతని నిజమైన కొలత తెలియును. కావున ఈ చిన్న ప్రశ్నను కొంత నిదానముగా పరిశీలింతము.

మొదట తేల్చుకొనవలసినది, ఆ చీకటివలన మనకు అన్యాయము జరిగినదా యన్నది. మన ప్రాంతమున ఇట్టి సాయంకాలములు రెండు కాలములందు తరచుగా వచ్చును. ఏప్రిల్, మే మాసములలో పగలంతయు నేల కాగి, ప్రొద్దు వాలువేళకు మబ్బు క్రమ్మి, గాలిదుమారముతో కురియు వాన యొకటి. నైరృతి ఋతుపవనములు మరలిపోవు దినముల వాన రెండవది. ఆ గాలికి వేపకొమ్మ విరిగి తీగపై పడును. లేదా రెండు తీగలు ఊగి ఒకదాని నొకటి తాకును. లేదా పిడుగు తీగలపైననో, వాని సమీపముననో పడి వోల్టేజి హఠాత్తుగా పెరుగును. అట్టివేళ సబ్‌స్టేషనులోని బ్రేకరు రెప్పపాటులో తెరచుకొని, 11,000 వోల్టుల లైనును విడదీయును. తెగిన తీగ నేలపై పడియున్నచో, దానిని తొక్కబోవు గొడ్డును, ఆ గొడ్డును తోలుకొని వచ్చు పిల్లవానిని బ్రతికించునది ఆ చీకటియే. మనము దేనిని లోపమని విసుగుకొనుచున్నామో, అది పెక్కుమార్లు రక్షణ.

అధికారుల అలసత్వము ఉండదని నేను చెప్పుట లేదు. వేసవి వానలకు ముందే కొమ్మలు కొట్టింపకున్నను, వంగిన స్తంభమును ఏండ్ల తరబడి నిలబెట్టకున్నను, ప్రజలు అడుగవలసినదే. వ్రాతపూర్వకముగా, నలుగురు కలిసి అడుగవలసినదే. కాని ఆ పని పగటివేళ, కార్యాలయమున చేయవలసినది. చీకటిపడిన మరుక్షణమున మనము చేయునది వేరు. దీపము వెదకుట ఆలస్యమైనదని ఇల్లాలిని కసరుదుము. అడ్డము వచ్చిన పిల్లవానిని అదలింతుము. ఫోనెత్తి, అవతల ఎవరున్నారో తెలియకయే నోటికి వచ్చినట్లు మాటలాడుదుము. ఉరుము ఉరిమి మంగలము మీద పడినట్లని సామెత. మంగలమనగా గింజలు వేయించు మట్టి పెంకు. ఆకాశమున పుట్టిన ఉరుముతో ఆ పెంకునకు ఏ సంబంధమును లేదు. అయినను పగులునది అదియే. మన కోపము కూడ అట్లే, అందుబాటులో నున్న బలహీనునిపై పడుచున్నది. ఎవరిపై కోపమో వారికి చేరని కోపమునకు న్యాయమను పేరు చెల్లదు.

రెండవది, ఆ గంటలో మనము ఎవరికి ఋణపడి యున్నాము? ఒకమారు నేను ఎనిమిదవ తరగతి పిల్లలకు "గాలివాన కురిసిన రాత్రి" అని వ్యాసరచన కిచ్చితిని. ఎక్కువమంది చీకటిని గూర్చియు, దోమలను గూర్చియు, ఆగిపోయిన టెలివిజను కార్యక్రమమును గూర్చియు వ్రాసిరి. ఒక బాలిక మాత్రము నాలుగే వాక్యములు వ్రాసినది. ఉరిమినప్పుడెల్ల వాళ్ళ అమ్మ వాకిట నిలుచుండునట; నాన్న స్తంభముమీద ఉండునట; కరెంటు వచ్చినప్పుడు వీధిలో అందరును కేకలు వేయుదురట; వాళ్ళ అమ్మ మాత్రము నాన్న ఇంటికి వచ్చువరకు అన్నము తినదట. ఆ బాలిక తండ్రి లైన్‌మాన్. ఆ నాలుగు వాక్యములకు నేను వేయదగిన మార్కులు నా దగ్గర లేకపోయినవి.

ఆ తండ్రి పని యెట్టిదో ఆలోచింపుడు. కొమ్మ యెక్కడ పడినదో తెలియదు గనుక టార్చిలైటుతో లైను వెంబడి గట్ల మీద, బురదలో నడువవలెను. స్థలము కనుగొన్న పిదప సబ్‌స్టేషనుకు చెప్పి ఎల్.సి. తీసికొనవలెను, అనగా ఆ లైనులో విద్యుత్తు నిలిపితిమనియు, తాను చెప్పువరకు మరల వదలమనియు అనుమతి పొందవలెను. అటుపై డిశ్చార్జి రాడ్లతో తీగలను భూమికి కలిపి, అప్పుడు స్తంభమెక్కవలెను. అనగా సబ్‌స్టేషనులోని యొక మనుష్యుని మాటపై నమ్మకముంచి తన ప్రాణమును తీగపై పెట్టవలెను. ఆ మాట తప్పినచో రెండవ అవకాశము లేదు. "ఇంకను రాలేదేమి" అని మనము గదిలో కూర్చుండి అడుగు ప్రశ్నకు సమాధానము తరచుగా ఈ జాగ్రత్తయే. అతడు తొందరపడవలెనని కోరుట, మన విసనకఱ్ఱ శ్రమ తప్పుటకు అతని ప్రాణమును పందెమొడ్డుటయే యగును.

పన్నెండవ శతాబ్దమున కల్యాణమున బసవేశ్వరుడును, ఆయన వెంటనున్న శరణులును కాయకమునకు పూజతో సమానమైన స్థానమిచ్చిరి. మడివాళ మాచయ్య బట్టలుతికినవాడు. అంబిగర చౌడయ్య పడవ నడిపినవాడు. నులియ చందయ్య త్రాళ్ళు పేనినవాడు. వారి చేతిపనిని తక్కువచేసి, వారిని మాత్రము గౌరవింపుమని ఆ ధర్మము చెప్పలేదు. పనిని గౌరవింపని నమస్కారము నమస్కారమే కాదని చెప్పినది. ఆ దృష్టితో చూచినచో, వానలో తడియుచు స్తంభమెక్కినవాడు ఆ రాత్రి ఊరిలో జరుగుచున్న కాయకములలో కఠినమైనదానిని చేయుచున్నాడు. మన యింటి సంధ్యాదీపమునకు అతడు నూనె పోయుచున్నాడు. అరచేతిలోని ఇష్టలింగమును దర్శించుటకు ఒక్క వత్తి వెలుగు చాలును. ఆ వెలుగులో కన్నులు మూసికొన్న వేళ, స్తంభముమీది ఆ మనుష్యుడు క్షేమముగా ఇల్లు చేరవలెనని తలచుకొనుటకు ఒక్క క్షణము చాలును.

తలచుకొనుట మాత్రమే చాలదు. తెలిసికొనవలసినది కూడ కలదు. ఇప్పుడు పెక్కు ఇండ్లలో ఇన్వర్టర్లు, దుకాణములలోను, కల్యాణమండపములలోను జనరేటర్లు ఉన్నవి. సరియైన మార్పిడి స్విచ్చి లేక, వైరును ఎట్లో కలిపి జనరేటరు నడిపినచో, ఆ విద్యుత్తు మన యింటిలో ఆగక వీధి తీగలలోనికి వెనుకకు పోవును. ట్రాన్స్‌ఫార్మరు 11,000 వోల్టులను తగ్గించి మన యింటికి 230 వోల్టులుగా అందించును గదా. వెనుకనుండి ప్రవాహము వచ్చినచో అదే ట్రాన్స్‌ఫార్మరు దానిని మరల వేల వోల్టులకు పెంచును. సబ్‌స్టేషనులో లైను నిలిపిరన్న నమ్మకముతో తీగను పట్టుకొన్నవానికి ఆ ప్రవాహము మృత్యువగును. నా గదిలో వెలిగిన దీపము ఇంకొక యింటి దీపమును ఆర్పగలదన్నది ఇచ్చట అలంకారము కాదు, విద్యుచ్ఛాస్త్రము చెప్పు సత్యము. ఇంటికప్పుపై సౌరఫలకలు పెట్టుకొన్న కొందరు, మబ్బు విడిచి ఎండ కాయుచున్నను కరెంటు లేనప్పుడు తమ ఫలకలు పనిచేయవేమని ఆశ్చర్యపడుదురు. బ్యాటరీ లేక గ్రిడ్‌కు కలిపిన ఫలకలు, గ్రిడ్ ఆగిన వెంటనే తామును ఆగునట్లు నిర్మింపబడినవి. ముఖ్యకారణము ఆ తీగపై పనిచేయు మనుష్యుని ప్రాణమే. యంత్రమునకు నేర్పిన ఈ సంయమమును యజమాని నేర్వకుండుట తగునా?

మూడవది, చీకటిలో మన చేత మిగిలిన వెలుగు ఎవరిది? పూర్వము కరెంటు పోయినచో వీధి యంతయు సమానముగా చీకటి యయ్యెడిది. ధనికుని మేడయు, పేదవాని పూరిల్లును ఒకే బుడ్డిదీపపు వెలుగులో నుండెడివి. నేడు అట్లు కాదు. ఒక యింట ఫ్యాను తిరుగుచుండగా, ప్రక్క యింట పసిబిడ్డ చెమటకు ఏడ్చుచుండును. ఇన్వర్టరు కొనుట తప్పని ఎవరును అనరు. అది సొంత కష్టార్జితము. కాని అవసరమునకు మించినది చేతికి వచ్చినప్పుడు దాని విషయమేమన్న ప్రశ్న మనకు క్రొత్తది కాదు. ఆయ్దక్కి మారయ్య ఒకనాడు కావలసినదానికంటె ఎక్కువ బియ్యము ఏరి తెచ్చినప్పుడు, ఆయన భార్య లక్కమ్మ మెచ్చుకొనలేదు. ఎక్కువైన దానిని తిరిగి అచ్చటనే పోసి రమ్మనినది. ఆ తల్లి కొలతతో నేటి మన ఇంటిని కొలిచిన నేమగును? మూడు గదులలో వెలుగుచున్న దీపములలో రెండు ఆర్పి, ప్రక్కయింటి పరీక్ష పిల్లవానిని "నాయనా, ఇచ్చట కూర్చుండి చదువుకొనుము" అని పిలువవచ్చును. "పెద్దమ్మా, మందు వేసికొంటివా, టార్చి కలదా" అని ఒంటరిగా నుండు ముసలమ్మ తలుపు తట్టవచ్చును. ఆక్సిజన్ యంత్రముపై ఆధారపడిన రోగి ఆ వీధిలో ఉన్నచో, ఆ వీధిలోని మొదటి ఇన్వర్టరు ఆ రోగిదే. దాసోహమన్నది పంక్తిలో వడ్డించు అన్నముతోనే ముగియదు. వడ్డింపదగినవానిలో వెలుగు కూడ నొకటి.

వెలుగుకంటె ముందు ఇయ్యవలసినది ఇంటికప్పు. మన దేశమున పిడుగుపాటున ఏటా రెండువేలకు పైగా ప్రాణములు పోవుచున్నవని జాతీయ నేర నమోదు సంస్థ లెక్కలు తెలుపుచున్నవి. చనిపోవువారిలో అధికులు పొలములో నున్న రైతులు, కూలీలు, గొఱ్ఱెలు మేపువారు. వారు తరచుగా చెట్టుక్రింద నిలుచుండి చనిపోవుచున్నారు. నీడనిచ్చు చెట్టే ఆ వేళ పిడుగును పిలుచును. పొలమున మన మనుష్యులున్నప్పుడు మబ్బు పట్టుట చూచి, "పని చాలించి రండు" అని ముందుగా కబురుచేయుట యజమాని ధర్మము. నాలుగు మడులు నాటు మిగిలినదని ఆపుచేసినచో, ఆ నాలుగు మడుల వెల మనము కట్టలేనిది కావచ్చును. పుణెలోని ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ వారి 'దామిని' మొదలగు సాధనములు ఫోనులో ముందుగా హెచ్చరించుచున్నవి. ఆ హెచ్చరిక చదువగలిగినది మనమే గనుక, చదువలేనివానికి చేర్చవలసిన బాధ్యతయు మనదే.

దారిన పోవువారి మాట యేమి? పాత ఇండ్లకు వీధి అరుగులుండెడివి. వాన వచ్చినచో ఎవరినీ అడుగకయే బాటసారి అరుగెక్కి నిలుచుండెడివాడు. ఆ యింటివారును ఎవరివని అడుగకయే మంచినీళ్ళిచ్చెడివారు. నేడు అరుగులు పోయి ప్రహరీలు, గేట్లు వచ్చినవి. చీకటిలో అపరిచితునికి తలుపు తీయుటకు భయపడుట సహజమే. ఒంటరిగా నున్న స్త్రీని తలుపు తీయుమని ఉపదేశించు సాహసము నేను చేయను. కాని ఇంటినిండ మనుష్యులున్నప్పుడు, తలపై పుస్తకాలసంచి పెట్టుకొని పరుగెత్తు పిల్లలను, బండి ప్రక్కకు నిలిపి తడియుచున్న దంపతులను "లోనికి రండు" అని పిలుచుటకు అడ్డమేమి? పిడుగువేళ తెరపి చూరుక్రింద కంటె గట్టి యింటి లోపలనే క్షేమము. భయమునకు వివేకము తోడుండవలెను. వివేకమను పేరుతో గేటుకు తాళము వేసి మరచిపోరాదు.

ఇక ఇంటిలోపలి మాట. టెలివిజను ఆగును, కొంతసేపటికి ఫోనుల ఛార్జింగును తగ్గును. అప్పుడు కుటుంబములోని వారందరును ఒకే దీపము చుట్టు చేరుదురు. వెలుగున్నప్పుడు ఎవరి గదిలో వారుండిరి. ఉరుముకు బెదరిన పిల్లలకు పెద్దలు అర్జునుని పేర్లు చెప్పించెడివారు. మన ఇండ్లలో శివనామము చెప్పుదురు. ధైర్యము కొఱకు అది మంచిదే. కాని పిడుగుకును బియ్యమునకును ఒకటే మంత్రమా యని సామెత యున్నది. నామమునకు తోడు జ్ఞానమును ఇయ్యవలెను. వెలుతురు క్షణములో మన కంటిని చేరును. ధ్వని క్షణమునకు దాదాపు 340 మీటర్లు మాత్రమే నడచును. కావున మెరుపు కనబడినది మొదలు ఉరుము వినబడువరకు సెకనులు లెక్కించి మూడుచే భాగించినచో, పిడుగు ఎన్ని కిలోమీటర్ల దూరమున పడినదో తెలియును. ముప్పది లెక్కించులోపల ఉరుము వినబడినచో పిడుగు పది కిలోమీటర్లలోపల నున్నదని గ్రహించి, ఇల్లు కదలరాదు. చివరి ఉరుము వినిన పిదప ముప్పది నిమిషములవరకు బయటికి పోరాదు. ప్లగ్గులు ముందే ఊడదీయవలెను. కొళాయి క్రింద స్నానము చేయరాదు. లెక్కించుచు కూర్చున్న పిల్లవాని భయము నెమ్మదిగా కుతూహలమగును. "ఊరుకో, బూచివాడు వచ్చును" అని అదే చీకటిని చూపి బెదరించినచో, ఆ భయము వానితోబాటు పెరిగి పెద్దదగును. చీకటిలో బిడ్డ చేతిలో నుంచిన మాట ఎట్టిదో, వాడు పెద్దవాడై చీకటిని చూచు చూపు అట్టిది.

చీకటి మనుష్యుని చెడ్డవానిగా చేయునని కొందరందురు. ఈ మాట నిజమేనా యని పరిశీలించుటకు ఒకే మహానగరమున జరిగిన రెండు రాత్రులు చరిత్రలో నున్నవి. 1965 నవంబరు 9వ తేదీ సాయంకాలమున న్యూయార్కు నగరమును, దాని చుట్టునున్న విశాల ప్రాంతమును చీకటిలో మునిగినవి. ప్రజలు కూడళ్ళలో తామే నిలుచుండి వాహనములను నడిపించిరి. రాత్రి మొత్తముమీద ప్రశాంతముగా గడచినది. 1977 జూలై 13వ తేదీ రాత్రి పిడుగులు విద్యుత్ లైనులపై పడి అదే నగరము మరల చీకటి యైనది. ఈ మారు దుకాణములు దోపిడి యైనవి. వేయికి పైగా చోట్ల నిప్పు రగిలినది. మూడువేలమందికి పైగా నిర్బంధింపబడిరి. రెండు చీకట్లును ఒక్కటే. మొదటి రాత్రి వెన్నెల యుండినది, దుకాణదారులు ఇంకను దుకాణములలోనే యుండిరి. రెండవనాటికి ఎండలు, నిరుద్యోగము, నగరపు ఆర్థిక దుస్థితి జనులను వేధించుచుండెను. కారణము లెన్నియైనను తేలునది యొకటి. పగటివేళ ఒకరినొకరు ఎట్లు చూచుకొనిరో, చీకటివేళ అట్లే ప్రవర్తించిరి. చీకటి విత్తదు, పగలు విత్తినదానిని కోయును.

ఈ మాటలు చెప్పుచు చీకటిని కీర్తించుట నా యుద్దేశము కాదు. బుడ్డిదీపపు పొగలో కన్నులు నలుపుకొనుచు చదివిన తరమునకు విద్యుద్దీపము ఎంతటి వరమో తెలియును. ఎప్పుడో యొకనాడు గంటసేపు దీపము లేకుండుట వేరు. ఏనాడును దీపము లేకుండుట వేరు. మొదటిదానిని చూచి "ఎంత హాయి" అనువాడు, రెండవదానిలో బ్రదికినవానిని ఒకమారు తలచుకొనవలెను. వెలుగు మంచిదే. అది అందరి కష్టముచే వచ్చునది గనుక అందరిదిగా అనుభవింపవలసినదని మాత్రమే నేను చెప్పుచున్నది.

దీపముండగనే ఇల్లు చక్కబెట్టుకొనుమని మన సామెత. దానిని ఆచరణలో పెట్టుట కష్టము కాదు. వేసవి రాకమునుపే వీధివారు నలుగురు కలిసి తీగలపై వాలిన కొమ్మలను గూర్చి సెక్షను కార్యాలయమున అర్జీ ఇయ్యవలెను. జనరేటరు ఉన్నవారు మార్పిడి స్విచ్చిని తెలిసినవానిచే పరీక్ష చేయింపవలెను. వీధిలో ఎవరు ఒంటరివారో, ఎవరు రోగులో ముందే ఎరిగియుండవలెను. టార్చి, అగ్గిపెట్టె ఇంటిలో ఒక్కచోట నుంచి, ఆ చోటు చిన్నపిల్లకు కూడ చెప్పవలెను. తెగిన తీగ కనబడినచో దానిని తాకక, ఇతరులను దగ్గరకు రానీయక, 1912 సంఖ్యకు తెలుపవలెను. తెలుపునప్పుడు అవతలివాడును తడిసిన మనుష్యుడే యని మరువరాదు. మరునాడు లైన్‌మాన్ వీధిలో కనబడినప్పుడు "అన్నా, రాత్రి ఎన్ని గంటలకు ఇల్లు చేరితివి? భోజనమైనదా?" అని అడుగవలెను. ఆ ప్రశ్నకు ఖర్చు లేదు. అడుగువారు లేకనే అది ఇంతకాలము అరుదైపోయినది.